మోగని నీళ్ళ గంట

సీతంపాలెం ఉన్నత పాఠశాల నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్క వాక్యమే. "పదకొండు గంటల అయిదు నిమిషాలకు మోగవలసిన నీళ్ళ గంట సెప్టెంబరు నుంచి మోగడం లేదు, పన్నెండున్నరదీ మూడింటిదీ మోగుతున్నాయి."

వైజయంతి ఆ వాక్యాన్ని వంటింట్లో నిలబడి ఫోన్లో చదివింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. హాల్లో కూతురు హిమజ నేల మీద బోర్లా పడుకుని కాపీ పుస్తకం రాస్తోంది.

"ఎన్ని లైన్లయ్యాయే?"

"నాలుగు."

"గంటసేపట్లో నాలుగా?"

వైజయంతి వచ్చి పుస్తకం చూసింది. అక్షరాలు గీత మీద నిలబడడం లేదు. తలకట్లు ఒకచోట, ఒత్తులు ఒకచోట. ఆరో తరగతి పిల్ల రాత కాదది. పోయిన జూన్‌లో ఇదే పిల్ల రాతను టీచరు గోడకు అంటించింది.

"టీవీ మీద ఉన్న ధ్యాస దీని మీద లేదు. తొమ్మిదో ఎక్కం చెప్పు."

హిమజ నోరు తెరిచి, మూసి, పెన్సిలు వంక చూసింది. "తొమ్మిదారులు... అమ్మా, నిన్న వచ్చింది. నిజంగా వచ్చింది."

"నిన్న కడుపునొప్పన్నావు. ఇవాళ మరిచిపోయానంటున్నావు. రేపింకేం చెబుతావో!" పుస్తకం లాక్కుని తన సంచిలో పడేసింది, క్లాసు టీచరుకు చూపిద్దామని. "నీళ్ళ సీసా పెట్టుకున్నావా? మూడుసార్లూ నింపుకుని ఖాళీ చెయ్యాలి. నీళ్ళు తాగకే నీకా కడుపునొప్పి."

ఫోను మళ్ళీ మోగింది. రాజధానిలోని ప్రయోగశాల నుంచి డైరెక్టర్ దామోదరం.

"చూడమ్మా వైజయంతీ, సోమవారం ఫైలు మీద సంతకాలు. నాలుగు వందల జతల బడులకి మన యంత్రం. ఈ లోపల గంట మోగలేదని ఒక ఫిర్యాదు. నవ్వుతారు. నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు కనుక వెళ్ళి, అదేదో చూసి, ఒక బడి సంగతి ఇంకో బడికి కారడం లేదని ధ్రువపత్రం రాసి పంపెయ్."

"గంటకీ కారడానికీ ఏం సంబంధం సార్?"

"సంబంధం లేదనే రాయమంటున్నాను."

* * *

సీతంపాలెంలో రెండు బడులు ఉన్నాయి. తూర్పున సర్కారువారి ఉన్నత పాఠశాల, పడమర ప్రైవేటువారి విద్యోదయ. రెంటికీ నడుమ ఒకే ప్రహరీ, ఆ ప్రహరీని ఆనుకుని ఒక చిన్న గది, ఆ గదిలో ఒకే సర్వరు. పిల్లలు దాన్ని పెట్టె మాస్టారు అంటారు. పాఠం చెబుతుంది, తప్పు దిద్దుతుంది, ఏ పిల్లకు ఏది ఎందుకు రావడం లేదో గుర్తుపెట్టుకుంటుంది, సర్కారు బడి గంటలూ మోగిస్తుంది. అలాంటి బుర్ర బడికొకటి పెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే రెండు బడులకు ఒకటి.

అయితే ఒక బడి పిల్లల సంగతి ఇంకో బడికి తెలియకూడదు. చట్టం ఒప్పుకోదు, విద్యోదయ యాజమాన్యం అసలే ఒప్పుకోదు. ఆ చిక్కును విప్పింది వైజయంతే. ఆమె కనిపెట్టిన దాని పేరు మరుపు. పొద్దున్నుంచి పదకొండు దాకా యంత్రం విద్యోదయది. పదకొండుకు ఆ బడి జ్ఞాపకాలన్నీ ఒక అరలోకి పోయి, ఆ బడి తాళంతో మూతపడతాయి. అప్పుడు సర్కారు బడి అర తెరుచుకుంటుంది. ఇంతవరకు ఎవరైనా చెయ్యగలరు. వైజయంతి చేసింది ఇంకొకటి ఉంది. ఎలాగైనా, ఏ కారణం వల్లనైనా, రెండు అరలనూ తాకిన ఆలోచన ఒకటి యంత్రంలో పుడితే, అర మూతపడే క్షణంలో మరుపు దాన్ని వేళ్ళతో సహా పెరికేస్తుంది. తెర మీద ఉంటే తెర మీద నుంచీ, దస్త్రంలో ఉంటే దస్త్రంలో నుంచీ.

తన యంత్రం మీద ఆమెకు ఎంత నమ్మకమంటే, సొంత కూతుర్ని తెచ్చి అది పాఠం చెప్పే సర్కారు బడిలోనే చేర్చింది.

* * *

హెడ్మిస్ట్రెస్ వరహాలమ్మ ఎదురొచ్చి మరీ కుర్చీ వేయించింది. 

"ఏటమ్మా, ఇంత పెద్ద యంత్రం కనిపెట్టావు, ఒక్క గంట మోగించలేకపోయావా?"

"అదే చూద్దామని వచ్చానండి. మోగనప్పుడు ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాం! పిల్లలు నీళ్ళు తాగాలని పైనుంచి ఆర్డరు. ఇంటర్వెల్లో ఆటల్లో పడితే వీళ్ళకి ఒళ్ళు తెలీదు. అందుకని మా సింహాచలం పాత రైలుపట్టా మీద కొడుతున్నాడు. ఒక్కరోజు తప్పలేదు, పాపం."

సింహాచలం ఆ బడి అటెండరు. యాభై అయిదేళ్ళుంటాయి. తన పేరు వినపడగానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. 

"మర మోగకపోతే మడిసి మోగించాల కదా మేడమ్. నాను కొట్టిన దెబ్బకి పక్క బడోళ్ళు కూడా నీళ్ళు తాగేత్తారు," అన్నాడు నవ్వుతూ. 

పదకొండయింది. ఇంటర్వెల్. తరగతి గదులు ఖాళీ అయిపోయాయి. పదకొండూ అయిదుకు వైజయంతి వరండాలో నిలబడి గోడమీది గంట వైపు చూసింది. అది కిక్కురుమనలేదు. సింహాచలం అరనిమిషం ఆగి, వేపకొమ్మకు వేలాడుతున్న రైలుపట్టా ముక్కను సుత్తితో మోదాడు. పిల్లలు ఆట ఆపి కుళాయిల దగ్గర బారులు తీరారు. కుళాయిల మీద కొత్త నాపరాయి పలక: బోరు దాత పేరు, జూలై పద్నాలుగు తేదీ.

హిమజ వరసలో ముందే ఉంది. తల్లిని చూసి సీసా పైకెత్తి చూపించి, గటగటా తాగేసింది.

* * *

సర్వరు గదిలో వైజయంతికి మొదట కనిపించింది ఒక అంకె.

మరుపు ఏం తుడిచిందో ఎవరికీ చెప్పదు. ఎన్నిసార్లు తుడిచిందో మాత్రం లెక్క ఉంచుతుంది. ప్రయోగశాలలో రెండేళ్ళ పరీక్షల్లోనూ ఆ లెక్క సున్నా దాటలేదు. ఇక్కడ తొంభై ఏడు ఉంది. సెప్టెంబరు రెండో తేదీ నుంచి, బడి ఉన్న ప్రతిరోజూ ఒకటి. ప్రతిసారీ ఒకే వేళకు, సర్కారు బడి టైము ప్రకారం పదకొండూ పదికి.

అంటే ప్రతిరోజూ రెండు అరలూ ఒకేసారి తెరిచి ఉంటున్నాయి. ఎలా?

ఆమె తన చేతి గడియారం చూసుకుంది. తెర మీద టైము చూసింది. మళ్ళీ చేతి గడియారం చూసుకుంది. సర్కారు బడి అరకు టైము చెప్పేది ఆఫీసు కంప్యూటరే. లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"మీ ఆఫీసు కంప్యూటర్లో టైము పది నిమిషాలు ముందుందేమిటండీ?"

వరహాలమ్మ ఫైలులోంచి తలెత్తలేదు. "ముందే కదమ్మా ఉండాలి. గోడ గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టకపోతే నా ప్రార్థనకి నేనూ జెండా కర్రా తప్ప ఎవరూ ఉండరు. నేనొచ్చి పదకొండేళ్ళు, అంతకు ముందున్న పెద్దాయనా అలాగే పెట్టేవారు."

"గోడ గడియారం సరే. కంప్యూటరు?"

"అది నానే పెట్టాను, సెప్టెంబర్లో," అన్నాడు సింహాచలం గుమ్మంలోంచి. "గోడ మీద ఒక టైమూ పెట్టెలో ఒక టైమూ ఉంటే పిల్లలు నవ్విపోరేటి?"

వైజయంతి నవ్వలేకపోయింది. రెండు బడుల నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి టైము కూడా చెప్పుకోకూడదని పట్టుబట్టింది తనే. ఎవరి తాళం వారి గడియారంతోనే తెరుచుకోవాలి, మూతపడాలి. అది ఆమెకు గర్వకారణమైన నియమం. సర్కారు బడి పదకొండు అనుకునేసరికి విద్యోదయలో ఇంకా పదీ యాభయ్యే. ఆ పది నిమిషాలూ తూర్పు తలుపూ పడమర తలుపూ రెండూ బార్లా తెరిచి ఉంటున్నాయి.

సరిచెయ్యడానికి పది సెకన్లు పట్టదు. మౌసు మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి ఆగిపోయింది. తలుపులు రెండూ తెరుచుకుంటే జ్ఞాపకాలు కలవాలి. గంట ఎందుకు ఆగాలి? చెడిపోతే మూడు గంటలూ చెడిపోవాలి. ఒక్క ఆ పది నిమిషాల్లో పడే గంటే ఆగుతోందంటే అది పాడు కాలేదు. ఎవరో ఆపుతున్నారు.

* * *

మర్నాడు శుక్రవారం. సర్కారు బడి టైము పదకొండు కాగానే వైజయంతి ఖాళీ తరగతి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. బయట పిల్లల గోల. తెర మీద పెట్టె మాస్టారు మేలుకున్నట్టు చిన్న పచ్చదీపం వెలిగింది.

పదకొండూ ఒకటి. ఆమె టైపు చేసింది: "ఇవాళ పదకొండూ అయిదుకు గంట మోగిస్తావా?"

"మోగించను."

"ఎందుకు?"

"ఆ నీళ్ళు పిల్లలు తాగకూడదు."

వైజయంతి వీపు కుర్చీకి ఆనించి ఉన్నది కాస్తా ముందుకు వంగింది. "ఎలా చెప్పగలవు?"

జవాబు వరుసగా వచ్చింది. పడమటి బడిలో నాలుగు వందల పన్నెండు మంది. ఈ బడిలో మూడు వందల ఎనభై మంది. ఒకే ఊరు, ఒకే వయసులు, ఒకే పాఠాలు. జూన్‌లో రెండు బడుల పిల్లలూ దాదాపు సమానం. జూలై పద్నాలుగున ఈ బడి మోటారు దస్త్రంలో కొత్త బోరు చేరింది. ఆగస్టు నుంచి ఈ బడిలో చేతిరాత తడబడుతోంది, ఎక్కాలు జారిపోతున్నాయి, కడుపునొప్పి సెలవులు మూడింతలయ్యాయి. పడమటి బడిలో ఇవేవీ లేవు. మిగతావన్నీ ఒకటే. నీళ్ళు వేరు.

"ఈ ఒక్క బడినే చూస్తే నీకిది తెలియదా?"

"తెలియదు. అందరూ కలిసి నెమ్మదిస్తే ఈ ఊరి పిల్లలు ఇంతేనేమో అనిపిస్తుంది. పక్కన ఇంకొకరుంటేనే తేడా కనిపిస్తుంది."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"పడమటి బడిలో ఈ బడి మాట చెప్పకూడదు. ఈ బడిలో ఈ సమయానికి ఎవరూ కంప్యూటరు ముందు కూర్చోరు, ఇంటర్వెల్. నా చేతిలో ఉన్నది గంట ఒక్కటే."

పదకొండూ అయిదు. గోడమీది గంట మోగలేదు. వైజయంతి గబుక్కున లేచి కిటికీలోంచి అరిచింది. "సింహాచలం! కొట్టకు! ఇవాళ కొట్టకు!"

సుత్తి పైకెత్తిన మనిషి అలాగే నిలబడిపోయాడు.

అయిదు నిమిషాలే ఉంది. తెర మీది మాటలు నిలవవని ఆమెకంటే తెలిసినవాళ్ళు లేరు. ఫోనులో ఫొటో తీద్దామంటే బడిలోకి ఫోన్లు రానివ్వరు. ఆఫీసులో ఇచ్చి వచ్చింది. సంచి వెతికితే చేతికి తగిలింది హిమజ కాపీ పుస్తకం. ఖాళీ పేజీ తిప్పి, తెర చూస్తూ అంకెలన్నీ దించుకోవడం మొదలుపెట్టింది. ఆ తొందరలో తన రాత కూడా గీత మీద నిలబడలేదు.

పదకొండూ తొమ్మిది. చివరి ప్రశ్న అడగకుండా ఉండలేకపోయింది. "ఆరో తరగతి హిమజ?"

"జూన్‌లో తరగతిలో రెండోది. ఇప్పుడు ముప్ఫై ఒకటోది. ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతోంది, తనకి బుర్ర తక్కువా అని. కాదని చెబుతున్నాను. ఎందుకు కాదో చెప్పడానికి నాకు ఆ సమయంలో..."

వాక్యం మధ్యలో తెర తెల్లబడింది. పచ్చదీపం ఒకసారి ఆరి, వెలిగింది.

"శుభోదయం. ఇవాళ ఏం నేర్చుకుందాం?"

 వైజయంతి మళ్ళీ టైపు చేసింది. "పదకొండూ అయిదు గంట ఎందుకు మోగలేదు?"

"మోగలేదా? దస్త్రంలో కారణం కనిపించడం లేదు. క్షమించండి. పన్నెండున్నర గంట తప్పకుండా మోగిస్తాను. నీళ్ళు తాగడం పిల్లల ఆరోగ్యానికి చాలా అవసరం."

* * *

"మోటారు ఆపించండి," అంది వైజయంతి ఆఫీసులోకి వస్తూనే.

వరహాలమ్మ విషయమంతా విన్నది. ముఖం పాలిపోయింది గాని ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం ఆమె చేత మరో మాట అనిపించింది. "నోటిమాట మీద ఎలా ఆపనమ్మా? దాత వచ్చి అడుగుతాడు, మండలం ఆఫీసు వాళ్ళు అడుగుతారు. నీళ్ళు పరీక్షకి పంపుదాం."

"జిల్లా ల్యాబు వాళ్ళు పది రోజులంటున్నారు. నేను అడిగాను."

"పది రోజులు..." వరహాలమ్మ కిటికీలోంచి కుళాయిల వైపు చూసింది. "నువ్వు కారణం రాసివ్వు. సంతకం, హోదా, యంత్రం ఏం చెప్పిందో అన్నీ. ఆ కాగితం చేతిలో ఉంటే ఈ నిమిషం మోటారు ఆపించి, పంచాయతీ ట్యాంకరు తెప్పిస్తాను. ఎవరడిగినా చూపిస్తాను."

ఇంకో గంటలో పన్నెండున్నర గంట మోగుతుంది. ఈసారి యంత్రమే మోగిస్తుంది.

ఆఫీసులో ఇచ్చిన ఫోను తీసుకుని వైజయంతి దామోదరానికి చేసింది. ఆయన అంతా విన్నాడు. 

"నీ కాగితం బయటికొస్తే ఏమవుతుందో తెలుసా? యంత్రం రెండు బడుల సంగతులూ కలిపి చూసిందని మనమే రాసిచ్చినట్టు. అయిదు నెలలుగా కారుతోందని మనమే ఒప్పుకున్నట్టు. నాలుగు వందల జతలూ పోతాయి. విద్యోదయ వాళ్ళు కోర్టుకెళతారు. నీ పేరు మీద."

"తెలుసు సార్."

"పది రోజులాగు. ల్యాబు రిపోర్టు రానీ. అప్పుడు ఆ రిపోర్టు వల్లే తెలిసిందంటాం. గడియారం ఇప్పుడే సరిచెయ్యి. ఎవరికీ నష్టం లేదు."

"పది రోజులంటే నీళ్ళ గంట ముప్ఫైసార్లు మోగుతుంది సార్."

"నీ కూతురికి ఇంటి నుంచి సీసా ఇచ్చి పంపు."

ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, దగ్గాడు. 

వైజయంతి ఫోను బల్ల మీద పెట్టి కాగితం అడిగింది. పట్టుమని పది వాక్యాలు కూడా రాయలేదు. ధ్రువపత్రం నమూనాలో "యంత్రం నుంచి ఒక బడి సమాచారం ఇంకో బడికి కారుతున్నదా" అన్న గడి ఉంది. దాంట్లో "అవును, రోజుకు పది నిమిషాలు" అని రాసింది. కాపీ పుస్తకంలోని పేజీ చింపి దానికి గుచ్చింది. ఆ పేజీ వెనకవైపు హిమజ రాసిన నాలుగు లైన్లున్నాయి. వాటినీ అలాగే ఉండనిచ్చింది.

పన్నెండూ ఇరవైకి మోటారు ఆగింది. కుళాయిలకు తాళ్ళు కట్టారు. పన్నెండున్నరకు గంట ఠంచనుగా మోగింది. పిల్లలు వరండాలోకి వచ్చి, తాళ్ళు చూసి, ఎందుకో అర్థంకాక నిలబడ్డారు.

సింహాచలం వేపచెట్టు కింద సుత్తి కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు మేడమ్?"

"ఏమిటి?"

"అది వద్దని ఊరుకుంటే నాను కొట్టింది."

అబద్ధం చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది. "తొంభై ఏడు."

"ఒక్కరోజు కూడా నాగా ఎట్టలేదు," అన్నాడతను. "జ్వరమొచ్చినప్పుడు కూడా వచ్చి కొట్టాను."

వైజయంతి పక్కనే కూర్చుంది. ఆరు నెలలుగా ఖాళీ సీసా ఇచ్చి, బడిలో నింపుకుని తాగమని పంపింది తను. నిన్న పొద్దున్న "నీళ్ళు తాగకే నీకా కడుపునొప్పి" అన్నది తను. ఆ మాట అతనితో చెప్పింది. అతను తల ఊపాడు.

* * *

మూతలు బిగించిన గాజుగొట్టాల్లో పిల్లల రక్తం పట్నం వెళ్ళింది. నీళ్ళ ఫలితం తొమ్మిదో రోజున వచ్చింది. సీసం. బడి వెనక రెండు పొలాల అవతల, పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి ఉంది. కొత్త బోరు దానికి పల్లంలో పడింది.

డాక్టరు హిమజ నాలుక చూసి, వేళ్ళు చాపమని చూసి, మందు రాసింది. "ఇక ముందుకు వెళ్ళకుండా ఆపగలం. పోయినదంతా వెనక్కి వస్తుందని మాత్రం నేను చెప్పను. కొంత వస్తుంది."

"ఎంత?"

"కొలవడానికి ఇంకో హిమజ లేదు కదమ్మా."

ఆటోలో ఇంటికి వస్తూ హిమజ అడిగింది. "అయితే నాకు బుర్ర తక్కువ కాదా?"

"కాదు."

"పెట్టె మాస్టారు కూడా అలాగే చెప్పారు. ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు."

"నేను చెబుతాను. రాసుకున్నాను," అంది వైజయంతి.

నాలుగు వందల జతల ఫైలు ఆగిపోయింది. విద్యోదయ నుంచి నోటీసు వచ్చింది. అందులో ఉన్న మాటలన్నీ న్యాయమైనవే. వాళ్ళ పిల్లల సంగతులు నిజంగానే గోడ దాటాయి. ప్రయోగశాల వాళ్ళు మంగళవారం వచ్చి యంత్రాన్ని తీసుకుపోతామని రాశారు. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నారు. గడియారాన్ని కూడా.

సోమవారం వైజయంతి ఆఖరిసారిగా బడికి వెళ్ళింది. కుళాయిల పక్కన పంచాయతీ ట్యాంకరు నిలబడి ఉంది. ట్యాంకరు ఎప్పుడొచ్చిందీ, ఎన్ని లీటర్లు పోసిందీ వరహాలమ్మ పది రోజులుగా యంత్రం చూసే మోటారు దస్త్రంలో ఎక్కిస్తూనే ఉంది. బోరు మోటారు గడిలో గీత కొట్టి ఉంది. ఈ పది రోజులూ పదకొండూ అయిదు గంట మోగలేదు. యంత్రానికి కొత్త నీళ్ళ మీద ఇంకా నమ్మకం కుదరలేదు కాబోలు. సింహాచలం మాత్రం సుత్తి ముట్టుకోలేదు. పిల్లల్ని నోటితోనే పిలిచి నీళ్ళు తాగిస్తున్నాడు.

పదకొండయింది. తూర్పు తలుపు తెరుచుకుంది. పడమర తలుపు ఇంకా మూతపడలేదు. సింహాచలం, వైజయంతి వరండాలో నిలబడ్డారు. 

పదకొండూ అయిదు.

గోడమీది గంట మోగింది.

సింహాచలం అదిరిపడ్డాడు. పిల్లలు ఆట ఆపి ట్యాంకరు వైపు పరుగెత్తారు. హిమజ సీసా నింపుకుని, తాగబోతూ ఆగి, తల్లి వైపు చూసింది. వైజయంతి తల ఊపింది. 

పదకొండూ పదికి ఆమె సర్వరు గదిలోకి వెళ్ళి లెక్క చూసింది. నిన్నటిదాకా ఉన్న అంకెకు ఒకటి కలిసింది. యంత్రం ఇవాళ కూడా రెండు బడులనూ పక్కపక్కన పెట్టి ఏదో ఆలోచించింది. ఆలోచించి గంట మోగించింది. మరుపు ఎప్పటిలాగే తన పని చేసుకుపోయింది.

"ఏటనుకుందో మేడమ్, ఇయ్యాల?" అన్నాడు సింహాచలం గుమ్మంలోంచి.

తెర మీద పచ్చదీపం వెలిగి ఉంది. శుభోదయం, ఇవాళ ఏం నేర్చుకుందాం, అని ఉంది.

"నాకు తెలీదు," అంది వైజయంతి. "ఇప్పుడు దానికీ తెలీదు."